బ్రెడ్డా, రస్కా, రాగి బిస్కెట్టా: షుగరు ఉన్న ఇంట్లో ఏది ఎంచుకోవాలి?

మా చిత్తూరు, తిరుపతి వైపు బ్రెడ్డు అంటే జబ్బుపడినవాళ్ల తిండి. జ్వరం వస్తే పాలలో నానబెట్టిన రస్కు పెడతాం, ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడబోతే చేతిలో నాలుగు బత్తాయిలతో పాటు ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొని పోతాం. "తేలిగ్గా అరుగుతుంది" అన్న ఒక్క మాట మీద దానికి ఇంత మర్యాద దక్కింది. ఆ మాట నిజమే. కానీ షుగరు ఉన్న మనిషికి తేలిగ్గా అరగడంలోనే ఇబ్బంది ఉంది, ఎందుకంటే ఎంత త్వరగా అరిగితే అంత త్వరగా అది గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరుతుంది.

మా అత్తగారికి పన్నెండేళ్లుగా షుగరు ఉంది. సాయంత్రం నాలుగున్నరకు టీ గ్లాసులో రెండు రస్కులు ముంచుకొని తినడం ఆమెకు అంతకంటే పాత అలవాటు. "చక్కెర లేకుండానే కదమ్మా నేను టీ తాగతా ఉండేది, రస్కులో ఏముంది?" అని ఆమె ఒకరోజు అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసం వెతుకుతూ చదివినవి, వంటింట్లో సరిచూసుకున్నవి, అంగట్లో ప్యాకెట్లు తిప్పి చూసి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే ఉన్నారు కనుక, ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదని నాకు తెలుసు.

అరగని పిండి అంటే ఏమిటి

బియ్యంలోనైనా గోధుమలోనైనా రాగిలోనైనా ఉండే పిండిపదార్థం చిన్న చిన్న రేణువుల రూపంలో బిగుతుగా ఉంటుంది. నీళ్లు, వేడి తగలగానే ఆ రేణువులు ఉబ్బి పగులుతాయి. అప్పుడు మన జీర్ణరసాలు వాటిని సులభంగా విడగొట్టి గ్లూకోజు చేస్తాయి. అయితే తిన్న పిండిలో కొంత భాగం చిన్నపేగులో అరగకుండా తప్పించుకొని పెద్దపేగు దాకా పోతుంది. దానికి రెసిస్టెంట్ స్టార్చ్ అని పేరు. ఈ పేరు 1980ల మొదట్లో బ్రిటన్‌లో పనిచేసిన ఇంగ్లిస్ట్ బృందం పరిశోధనల నుంచి వాడుకలోకి వచ్చింది. నేను దాన్ని అరగని పిండి అంటాను. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం. మామూలు పిండి గ్రాముకు 4 కేలరీలు ఇస్తే, ఇది దాదాపు 2 మాత్రమే ఇస్తుంది.

ఇది ఒకే రకంగా ఉండదు, ఎంపికకు ఈ తేడాయే ఆధారం. నలగని గింజ పొరల లోపల చిక్కుకొని, జీర్ణరసాలకు అందనిది ఒక రకం. పచ్చి అరటికాయలో, పచ్చి ఉర్లగడ్డలో రేణువు కట్టడమే గట్టిగా ఉండడం వల్ల అరగనిది రెండో రకం. వండి చల్లార్చినప్పుడు పిండి అణువులు మళ్లీ దగ్గరగా చేరి బిగుసుకుపోగా ఏర్పడేది మూడో రకం. మన సద్దిలో ఉండేది ఇదే. ఫ్యాక్టరీలో రసాయనికంగా మార్చి తయారుచేసేది నాలుగోది. పిండి కొవ్వుతో ముడిపడి ఏర్పడేదాన్ని అయిదో రకంగా లెక్కపెట్టేవారు కూడా ఉన్నారు.

ఎంత నమ్మవచ్చు

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి, ఎందుకంటే ఈ పేరు చెప్పి అమ్మే పొడులు, బిస్కెట్లు ఇప్పుడు మన దాకా వస్తున్నాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో, బేకరీ పదార్థాల్లో అరిగే పిండికి బదులు అరగని పిండి వాడితే తిన్న తరువాత రక్తంలో గ్లూకోజు పెరగడం తగ్గుతుందని ఒప్పుకొన్నది. అయితే మొత్తం పిండిపదార్థంలో కనీసం 14 శాతం అరగని పిండి ఉండాలని షరతు పెట్టింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2016 డిసెంబరులో ఇంకొంచెం ముందుకు పోయి, అమైలోజ్ (పిండిలోని పొడవాటి అణువు) ఎక్కువగా ఉన్న ఒక ప్రత్యేకమైన మొక్కజొన్న నుంచి తీసిన పిండి టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పును తగ్గించవచ్చు అని ప్యాకెట్టు మీద రాసుకోనిచ్చింది, కానీ ఆధారాలు పరిమితమే అన్న మాట కూడా రాయాలన్నది.

ఇప్పుడు మన బ్రెడ్డును ఈ కొలతతో చూడండి. మామూలు తెల్ల బ్రెడ్డు 100 గ్రాముల్లో పిండిపదార్థం 45 గ్రాముల దరిదాపుల్లో ఉంటే, అందులో అరగని పిండి సుమారు 1 గ్రాము. అంటే రెండు శాతం చిల్లర; 14 శాతం ఎక్కడ, ఇది ఎక్కడ! పరిశోధనల్లో రోజుకు 15 నుంచి 40 గ్రాముల దాకా ఇచ్చారు. ఆ 15 గ్రాములు తెల్ల బ్రెడ్డు నుంచే రావాలంటే కిలోన్నర బ్రెడ్డు తినాలి. కనుక బేకరీలో కొన్న ఏ మామూలు వస్తువైనా "అరగని పిండి ఉంది, షుగరును అదుపు చేస్తుంది" అని ఎవరైనా చెబితే నేను నమ్మను.

దీనికంటే గట్టి ఆధారం పీచు మీద, ముడిధాన్యం మీద ఉంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 185 దీర్ఘకాలిక పరిశీలనలను, 58 ప్రయోగాలను కలిపి చూసింది. పీచు ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బు, టైప్ 2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్, మొత్తం మీద మరణాలు 15 నుంచి 30 శాతం తక్కువగా కనిపించాయనీ, రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు మంచి గురి అనీ అది తేల్చింది. అందుకే నా ఎంపికలో మొదటి ప్రశ్న ధాన్యం ముడిదా, పొట్టు తీసినదా అన్నది. రెండోది దానితో పాటు చక్కెర, నూనె ఎంత వచ్చాయన్నది. చల్లార్చడం, కాల్చడం మూడోది.

తెల్ల బ్రెడ్డు, బ్రౌన్ బ్రెడ్డు, ఆటా బ్రెడ్డు

వీటి మధ్య తేడా రంగులో వెతకకూడదు. పోయిన నెల మా వీధి చివర అంగట్లో ఒక బ్రౌన్ బ్రెడ్డు ప్యాకెట్టు తీసుకొని వెనకవైపు చదివాను. మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా. తరువాత చక్కెర, ఈస్టు, గోధుమ తవుడు, ఇంకా కిందికి పోతే రంగు 150 అన్న అంకె ఉన్నాయి. ఆ అంకె కారమెల్‌ది, అంటే కాల్చిన చక్కెరతో చేసే రంగుది. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా రాయాలన్నది నియమం కనుక, మొదటి పేరు మైదా అయితే అది తవుడు చల్లి రంగు కలిపిన మైదా బ్రెడ్డే. "వీట్ ఫ్లోర్" అని మాత్రమే ఉన్నా మోసపోవద్దు. "హోల్ వీట్ ఫ్లోర్" లేదా "ఆటా" అన్న మాట మొదట ఉండాలి. మన జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం గోధుమ ఆటా 100 గ్రాముల్లో పీచు 11 గ్రాములకు పైన ఉంటే, మైదాలో 3 గ్రాములు కూడా లేదు. ఈ ఒక్క తేడా, అరగని పిండి విషయంలో ఏ రెండు బ్రెడ్ల మధ్య కనబడే తేడా కంటే పెద్దది.

ప్యాకెట్టు లేని బేకరీ బ్రెడ్డు అయితే మాస్టర్‌నే అడగండి. మా దగ్గరి బేకరీ మాస్టర్‌ను నేను "అన్నా, ఇది పూర్తి ఆటాదేనా?" అని అడిగితే దాచకుండా, "సగం మైదా లేకపోతే పొంగదమ్మా, మెత్తగా లేకుంటే ఎవరూ కొనరు" అన్నాడు. ఆ నిజాయితీ నాకు పనికివచ్చింది, సగం అని తెలిస్తే సగం లెక్కనే తినవచ్చు. నిజంగా ఆటాతో చేసిన ముక్కను వేళ్ల మధ్య నొక్కితే దూదిలా అణిగిపోదు, బరువుగా ఉంటుంది, వెలుతురులో పొట్టు చుక్కలు కనబడతాయి. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆటాను మెత్తగా ఆడిస్తే గింజ పొరల రక్షణ పోతుంది, అందువల్ల ఆటా బ్రెడ్డు తిన్నా గ్లూకోజు పెరుగుతుంది. నలగని గింజలు, గోధుమ నూక కనబడేలా చేసిన బ్రెడ్డు దొరికితే అది ఇంకా మేలు. జర్మనీలో పంపర్‌నికెల్ అని, నలిగీ నలగని రై గింజలతో తక్కువ మంట మీద గంటల తరబడి కాల్చే నల్లని బ్రెడ్డు ఉంది. దానిలో అరగని పిండి తెల్ల బ్రెడ్డు కంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది. గింజను నలగగొట్టకపోవడం, నిదానంగా కాల్చడం రెండూ పనిచేస్తాయని దాన్ని చూస్తే తెలుస్తుంది.

తాజా ముక్కా, ఫ్రీజర్ నుంచి తీసి కాల్చిన ముక్కా

ఒకే బ్రెడ్డును తినే తీరులో ఉన్న ఈ తేడాను నేను పెద్దగా పట్టించుకోలేదు, చదివాక మనసు మార్చుకున్నాను. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయంలో 2008లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న పది మందికి ఇంట్లో చేసిన తెల్ల బ్రెడ్డును, అంగట్లో కొన్న తెల్ల బ్రెడ్డును నాలుగేసి తీరుల్లో పెట్టారు. ఇంట్లో చేసిన బ్రెడ్డును ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కరగనిచ్చి, కాల్చి పెట్టినప్పుడు గ్లూకోజు పెరుగుదల తాజా ముక్కతో పోలిస్తే మూడో వంతుకు పైగా తగ్గింది. అంగట్లో కొన్న బ్రెడ్డులో కాల్చడం వల్ల ప్రయోజనం కనబడింది కానీ, ఒట్టి గడ్డకట్టించడం వల్ల అంతగా కనబడలేదు. పది మంది మీద చేసినది కనుక దాన్ని శాసనంలా చూడనక్కరలేదు. అయినా ఖర్చు లేని పని కనుక చేస్తే నష్టం లేదు.

దాని వెనక జరిగేది ఇది. చల్లబడే బ్రెడ్డులో అమైలోజ్ అనే పొడవాటి అణువులు కొన్ని గంటల్లోనే బిగుసుకుంటాయి. కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్ బిగుసుకోవడానికి రోజులు పడుతుంది, బ్రెడ్డు మరుసటి రోజు గట్టిపడేది దానివల్లనే. పెనం మీద వేడిచేస్తే అమైలోపెక్టిన్ కరిగి ముక్క మళ్లీ మెత్తబడుతుంది కానీ, అమైలోజ్ బిగువు విడిపోవాలంటే 100 డిగ్రీలకు చాలా పైన వేడి కావాలి. ముక్క లోపలి తడి భాగం అంత వేడెక్కదు కనుక ఆ కొద్ది అరగని పిండి అలాగే మిగులుతుంది. సద్దిని మళ్లీ వేడిచేసుకున్నా మేలు పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదే.

తిరుపతి ఎండలకు బయట పెట్టిన బ్రెడ్డు మూడు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. నేను తెచ్చిన రోజే ముక్కలను రెండేసి చొప్పున కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో వేస్తాను. పొద్దున తీసి, కరగక ముందే దోసె పెనం మీద, నూనె లేకుండా, సన్నని మంట మీద లేత బంగారు రంగు వచ్చేదాకా కాలుస్తాను. నల్లగా మాడనివ్వకూడదు, మాడిన చోట అక్రిలమైడ్ అనే అక్కరలేని పదార్థం పెరుగుతుంది.

రస్కు, బిస్కెట్టు, రాగి పేరు పెట్టుకున్నవి

రస్కు రెండుసార్లు కాల్చిన బ్రెడ్డు. మొదటి కాల్పు తరువాత చల్లారబెట్టి కోసి మళ్లీ ఆరగాలుస్తారు కనుక, కొంచెం అరగని పిండి ఏర్పడే మాట నిజమే. కానీ చాలా రస్కులు మైదాతో చేసి, చక్కెర కలిపినవి. పైగా తడి లేదు కనుక తేలికగా ఉండి, చేతికి రెండు చిన్నవిగా కనబడినా వాటిలో పిండి ఎక్కువే ఉంటుంది. మా అత్తగారి ప్రశ్నకు జవాబు అదే: టీలో వెయ్యని చక్కెర రస్కులో ముందే ఉంది.

బిస్కెట్ల విషయం విచిత్రమైనది. బిస్కెట్టు పిండిలో నీళ్లు బాగా తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువ కనుక ఓవెన్లో పిండి రేణువులు పూర్తిగా ఉబ్బవు, చాలావరకు పచ్చిగానే మిగిలిపోతాయి. అందుచేత కొన్ని బిస్కెట్ల గ్లూకోజు సూచిక, అంటే తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే అంకె, తెల్ల బ్రెడ్డు కంటే తక్కువ వస్తుంది. దాన్ని చూపి బిస్కెట్టే మేలని అనుకోవడం పెద్ద పొరపాటు. సూచిక తగ్గినది చక్కెర, పామాయిల్ బలంతో, ఆ రెండూ బరువును, గుండెను దెబ్బతీస్తాయి. అయ్యంగార్ బేకరీల్లో దొరికే బటర్ బిస్కెట్లు, దిల్‌పసంద్, కొబ్బరి బన్ను గురించి ఎక్కువ రాయను. అవి మిఠాయిలు, అంతే.

రాగి బిస్కెట్ల మీద నాకు కోపం ఉందని దాచుకోను, ఎందుకంటే మా ప్రాంతపు సంగటి మీద ఉన్న నమ్మకాన్ని అవి వాడుకుంటున్నాయి. చాలా ప్యాకెట్ల మీద రాగి పక్కన బ్రాకెట్లలో శాతం వేసి ఉంటుంది, అది చూడండి. మైదా, చక్కెర, నూనెల తరువాత నాలుగో పేరుగా రాగి వస్తే, అది రాగి వాసన ఉన్న మైదా బిస్కెట్టు. రాగిలో కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ అంత కొంచెం రాగితో వచ్చేదేమీ లేదు.

అరటికాయ పిండితో చేసిన బ్రెడ్డు ఒకటి ఇప్పుడు ప్రచారంలో ఉంది. ఇంట్లో పచ్చి అరటికాయలను చక్రాలుగా తరిగి, ఎండబెట్టి ఆడించి నేను కూడా చేసి చూశాను, రుచి బాగానే ఉంది. అయితే పచ్చి అరటికాయ పిండి తడిలో 70 డిగ్రీల ప్రాంతంలోనే ఉబ్బిపోతుంది. బ్రెడ్డు లోపల 95 డిగ్రీలు దాటుతుంది కనుక అరగని పిండిలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. గంజి కాచినా అంతే. దాన్ని చల్లని మజ్జిగలో ఒక చెంచా కలుపుకుంటేనే నిలుస్తుంది. అమైలోజ్ ఎక్కువ ఉన్న మొక్కజొన్న పిండికి మాత్రం 100 డిగ్రీలు దాటితే తప్ప ఉబ్బని గుణం ఉండడం వల్లనే, పరిశోధకులు బ్రెడ్డులో కలపడానికి దాన్ని ఎంచుకున్నారు.

అలాంటి పొడులను ఆన్‌లైన్‌లో కొనాలా అని అడిగేవారికి: 2024లో వచ్చిన ఒక ప్రయోగంలో అధిక బరువున్న 37 మంది అరగని పిండిని రోజుకు 40 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు తీసుకొని సగటున 2.8 కిలోలు తగ్గారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ మనుషులు తక్కువ, కాలం తక్కువ, వాళ్ల భోజనం కూడా అదుపులో పెట్టినది. ఆ డబ్బుతో సెనగలు, అలసందలు కొనమంటాను నేను.

బ్రెడ్డుకు ఎదురుగా సద్ది సంగటి

పొద్దున టిఫినుకు బ్రెడ్డు, రాత్రి మిగిలిన సంగటి మధ్య ఎంచుకోవలసి వస్తే, నేను సంగటి వైపే ఉంటాను. వేడివేడి సంగటి కూడా షుగరును పెంచుతుంది, రాగిని మెత్తగా ఆడించి ఉడికించాక అది మామూలు పిండే. రాత్రంతా చల్లారితే కొంత బిగుసుకుంటుంది. అన్నం మీద ఇండోనేషియాలో 2015లో చేసిన కొలతలో, వండిన అన్నాన్ని 24 గంటలు ఫ్రిజ్జులో పెట్టి మళ్లీ వేడిచేస్తే 100 గ్రాముల్లో అరగని పిండి 0.64 నుంచి 1.65 గ్రాములకు పెరిగింది, తిన్న 15 మందిలో గ్లూకోజు పెరుగుదల కూడా తగ్గింది. రెండున్నర రెట్లు అంటే గొప్పగా వినబడుతుంది, గ్రాముల్లో చూస్తే కొంచెమే. సద్దిలో నాకు నచ్చేది మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో సరిపోవడం, చక్కెర, జాము దాని దరికి రాకపోవడం. ఒక జాగ్రత్త ఉంది: వేసవిలో అన్నం, సంగటి రాత్రంతా బయట వేడిలో ఉంటే హానికరమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి, కనుక గంటలోపల చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టడం మేలు.

బ్రెడ్డే తినాలని ఉంటే, పక్కన ఏముందన్నది బ్రెడ్డు రకం కంటే ముఖ్యం. రెండు ముక్కల ఆటా బ్రెడ్డుకు జాము రాసుకోవడం వేరు, ఉడికించిన గుడ్డు గానీ చెనిక్కాయల ఊరిమిండి గానీ ఒక గుప్పెడు అలసంద గుగ్గిళ్లు గానీ పెట్టుకోవడం వేరు. అరగని పిండి, పీచు, మాంసకృత్తులు మూడూ గుగ్గిళ్లలో ఒకేచోట ఉన్నాయి.

కొన్ని హెచ్చరికలు తప్పవు. పీచు, అరగని పిండి ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాసు వస్తాయి; వారానికి కొంచెంగా పెంచుకోవాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు తిండి మార్చినప్పుడు షుగరు పడిపోయే అవకాశం ఉంది కనుక ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. కిడ్నీ దెబ్బతిన్నవారికి ముడిధాన్యంలో, పప్పుగింజల్లో ఉండే పొటాషియం, ఫాస్ఫరస్ సమస్య కావచ్చు; వారు డాక్టరు చెప్పకుండా మార్చనే కూడదు.

గ్లూకోమీటరు ఇంట్లో ఉంటే మీకు ఏది పడుతుందో మీరే చూసుకోవచ్చు. ఒక పొద్దున పరగడుపున చూసి, రెండు ముక్కల తెల్ల బ్రెడ్డు తిని, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు మళ్లీ చూడండి. రెండు రోజుల తరువాత అదే బరువు ఆటా బ్రెడ్డును కాల్చుకొని, అదే సమయానికి, అవే మాత్రలతో చూడండి. మా అత్తగారు ఒక పాత నోటు పుస్తకంలో ఈ లెక్కలు తన చేత్తోనే రాసుకున్నారు. రస్కు రోజు, గుగ్గిళ్ల రోజు పక్కపక్కన పెట్టుకొని చూసిన తరువాత ఆమెకు నేను ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. ఇప్పుడు నాలుగున్నర టీకి చిన్న గిన్నెలో అలసందలు అడుగుతారు, రస్కు ప్యాకెట్టు మనవళ్లు వచ్చినప్పుడు మాత్రమే తెరుస్తాం.